బానెట్ కోసి వెంట్ పెట్టాలా? కోస్తే ఏ బానెట్, ఎక్కడ, దేంతో

ఎండాకాలం మొదలైతే చాలు, తిరుపతిలో కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఈ ప్రశ్న అడుగుతుంటారు: బానెట్‌కు వెంట్ (వేడిగాలి బయటికి పోయే కన్నం) కోస్తే ఇంజన్ చల్లబడుతుందా? ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. అడిగేవాళ్లందరి కష్టం ఒకటి కాదు మరి. ఒకరికి తిరుమల ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతా ఉంటుంది. ఇంకొకరు టర్బో బండిని ట్యూన్ చేయించి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు తీసుకెళ్తుంటారు, నాలుగు రౌండ్లు తిరిగేసరికి బానెట్ కింద వేడి పేరుకుపోతుంది. మూడో రకం వాళ్లకు వేడితో పనే లేదు, బండి చూడ్డానికి దిట్టంగా ఉండాలి, అంతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటివాళ్లు కోయనక్కర్లేదు. మూడోవాళ్లు కోయకూడదు. రెండోవాళ్లు కోయొచ్చు, కానీ బండితో పాటు వచ్చిన బానెట్‌ను కాదు, వేరే బానెట్ తెచ్చుకుని దాన్ని కోయాలి. 

ఘాట్‌లో వెంట్ చేసే పని ఎంత?

వెంట్ పనిచేసేది గాలి ఒత్తిడిలో తేడా మీద. బండి ముందుకు పోయేటప్పుడు గాలి గ్రిల్ పైనుంచి బానెట్ మీదికి వంపు తిరుగుతుంది. ఆ వంపు దాటిన వెంటనే గాలి వేగం పెరిగి, అక్కడ ఒత్తిడి పడిపోతుంది. సరిగ్గా ఆ చోట రంధ్రం ఉంటే, రేడియేటర్ దాటి వచ్చిన వేడిగాలిని బయటికి లాగుతుంది. వేడిగాలి బయటపడితే రేడియేటర్ గుండా కొత్త గాలి ఇంకాస్త ఎక్కువగా వస్తుంది. ఇంతవరకు అందరూ చెప్పేదే.

చెప్పనిది ఏమిటంటే, ఈ లాగుడు వేగానికి వర్గంలో పెరుగుతుంది, వర్గంలోనే తగ్గుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి నెట్టే ఒత్తిడి సుమారు 30 మిల్లీమీటర్ల నీటి ఎత్తుతో సమానం. 40లో అది ఏడెనిమిది మిల్లీమీటర్లే. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోయింది.

ఇప్పుడు తిరుమల లెక్క చూడండి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఇప్పుడు పైకి రెండో దాంట్లో పోతాం, కిందికి మొదటి దాంట్లో వస్తాం. అలిపిరి నుంచి పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదని టీటీడీ నిబంధన. దూరం 18, 19 కిలోమీటర్లు. అంటే నిబంధన పాటిస్తే సగటు వేగం 40 చుట్టూనే. ముందు బస్సు పడితే 25. ఆ వేగంలో రేడియేటర్‌ను కాపాడేది ఫ్యానే. బానెట్ మీద ఎన్ని కన్నాలున్నా వాటికి లాగే బలం లేదు. పలమనేరు వైపు మొగిలి ఘాట్‌లో లారీల వెనక పాకేటప్పుడూ ఇదే సంగతి.

వెంట్ అసలు పనికిరాదని కాదు. బండి నిలబడ్డప్పుడు వేడి పైకి లేచి అందులోంచి పోతుంది. కొండపైన ఇంజన్ ఆపాక లోపల వేడి ఉడికిపోకుండా తొందరగా దిగుతుంది, వైరింగుకూ రబ్బరు గొట్టాలకూ అది మంచిదే. కానీ ఎక్కేటప్పుడు ముల్లు ఎర్రగీత వైపు పోతోందంటే దానికి మందు ఇది కాదు.

పాత మెకానిక్ ఎవరి దగ్గరికి పోయినా మొదట అడిగేది ఒకటే: "రేకు కోసేది తర్వాత సామీ, రేడియేటర్ చూసినావా ముందు?" ఆయన మాటే రైటు. మన బోరు నీళ్లు ఎంత గట్టివో ఇంట్లో హీటర్ రాడ్‌కు పట్టే తెల్లపొర చూస్తే తెలుస్తుంది. కూలెంట్ తగ్గినప్పుడల్లా ఆ నీళ్లే పోస్తూ పోతే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే పొర పడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయడం మొదటి వైద్యం. రేడియేటర్ మూత రెండోది. మూతలో స్ప్రింగు సరిగ్గా ఉంటే లోపల ఒత్తిడి నిలబడి, మామూలుగా 100 డిగ్రీలకు మరగాల్సిన నీరు 1 బార్ దగ్గర 120 దాకా మరగకుండా ఉంటుంది. స్ప్రింగు వదులైపోయిన మూత ఆ 20 డిగ్రీలను చప్పుడు లేకుండా తినేస్తుంది. కొత్త మూత ధర వెంట్ ఖర్చులో పదో వంతు కూడా ఉండదు.

మూడోది ఎవరూ పట్టించుకోనిది: ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందు. ధాన్యం పొట్టు, పురుగులు, మట్టి అందులో అట్టకట్టి ఉంటాయి. ముందునుంచి చూస్తే కండెన్సర్ తళతళలాడుతుంది, వెనక రేడియేటర్ ముఖం మూసుకుపోయి ఉంటుంది. లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో నీళ్లు కొట్టాలి. వాటర్ సర్వీస్ వాళ్ల గన్నుతో దగ్గరగా కొడితే ఫిన్నులు (సన్నటి రేకు రెక్కలు) వంగిపోతాయి, అప్పుడు పని మళ్లీ మొదటికి. రేడియేటర్ చుట్టూ ఉండే స్పాంజి పట్టీలు ఊడిపోయి ఉంటే అవి కూడా వేయించండి. లేకపోతే ఫ్యాన్ వదిలిన వేడిగాలే పక్క సందుల్లోంచి ముందుకు వచ్చి మళ్లీ రేడియేటర్‌లోకి పోతుంది.

ఇవన్నీ చేసి, థర్మోస్టాట్ (కూలెంట్ దారి తెరిచే వాల్వు), ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే స్విచ్చు) బాగున్నాయని తేల్చుకుని, ఘాట్‌లో ఒక గేరు తగ్గించి నడిపితే (ఇంజన్ తిరుగుడు పెరిగి వాటర్ పంపు గట్టిగా తిప్పుతుంది) పదిమందిలో ఎక్కువమందికి వెంట్ అవసరం పోతుంది.

కోయకుండా చేసే చిట్కాలు

బానెట్ వెనక బోల్టుల కింద వాషర్లు వేసి, అద్దం వైపు అంచును ఒక అంగుళం లేపడం ఒకటి. ఖర్చు లేదు, పది నిమిషాల పని, చూడ్డానికి కూడా రేసు కారు లాగా ఉంటుందని కుర్రాళ్ల నమ్మకం. వద్దనే చెప్తాను. ముందద్దం మొదట్లో గాలి అద్దానికి తగిలి ఆగుతుంది, అక్కడ ఒత్తిడి ఎక్కువ. ఏసీకి బయటి గాలి తీసుకునే జాలీని కంపెనీ వాళ్లు అక్కడే పెట్టేది అందుకే. వేగంలో ఆ సందులోంచి వేడిగాలి బయటికి రాదు, బయటి గాలే లోపలికి దూరుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు బయటికొచ్చే వేడి, ఆయిల్ వాసన నేరుగా ఏసీ జాలీలోకి పోతాయి. పైగా హింజ్ మీద బానెట్ కూర్చునే తీరు మారిపోయి, గుద్దుకున్నప్పుడు అది ఎటు వంగుతుందో చెప్పలేం.

డబుల్ టేపుతో అంటించే ప్లాస్టిక్ స్కూప్ రెండోది. ఇది కేవలం అలంకారం, ఆ సంగతి ఒప్పుకుని పెట్టుకుంటే తప్పేమీ లేదు. మూడో రకం వాళ్లకు నా సలహా ఇదే. మంచి టేపు వాడండి, అంటించే ముందు మైనం పాలిష్ పూర్తిగా తుడవండి. మోజు తీరాక హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి నైలాన్ దారంతో లాగితే పెయింటు పోకుండా ఊడుతుంది.

ఇక్కడే ఒక తేడా తెలుసుకోవాలి. ముందుకు నోరు తెరిచిన స్కూప్ గాలిని లోపలికి తీసుకుంటుంది, వెనక్కి తెరిచిన వెంట్ బయటికి వదులుతుంది. పాత 3.0 లీటర్ల డీజిల్ ఫార్చునర్ బానెట్ మీద ఉండే నోరు ఇంజన్ పైన పడుకోబెట్టిన ఇంటర్‌కూలర్‌కు (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) గాలి అందించడానికి. ఆ ఇంటర్‌కూలర్ పైన లేని బండికి అదే నోరు కోసిపెడితే లోపలికి గాలి నెట్టి, రేడియేటర్ వెనక ఒత్తిడి పెంచి, చల్లబడాల్సిన దాన్ని ఇంకా కాగేలా చేస్తుంది.

ఏ బానెట్‌ను కోయాలి?

ట్రాక్ వాళ్లకు, నిజంగా అవసరం ఉన్నవాళ్లకు ఇక అసలు ఎంపిక. మూడు దారులున్నాయి: బండి మీదున్న బానెట్, పాత సామాన్ల మార్కెట్‌లో కొన్న రెండో బానెట్, ఫైబర్‌తో చేసిన వెంట్‌లున్న బానెట్.

నేను రెండోదానికే ఓటేస్తాను. చెన్నైలో పుదుప్పేట, బెంగళూరులో జేసీ రోడ్డు ఉండనే ఉన్నాయి. చిత్తూరు నుంచి రెండూ దాదాపు ఒకే దూరం. తిరుపతి వాళ్లకు చెన్నై దగ్గర. బాగా అమ్ముడుపోయిన మోడల్ అయితే తేలిగ్గానే దొరుకుతుంది. కొనేటప్పుడు రంగు చూడకండి, ఎలాగూ వేయించాల్సిందే. తిరగేసి చూడండి. లోపలి ఫ్రేమ్ వెల్డింగ్ చుక్కలు తెగి ఉన్నాయా, అంచు మడతలో తుప్పు ఉబ్బిందా, లాక్ కొక్కెం చుట్టూ పగులు ఉందా, టింకరింగ్ చేసి లప్పం దట్టంగా పూసి ఉన్నారా. లప్పం సంగతి అయస్కాంతం పెడితే తెలుస్తుంది, లప్పం ఉన్న చోట అది పట్టుకోదు. ఇలాంటి బానెట్ మీద కోత చెడినా బండి తన పాత బానెట్‌తో నడుస్తూనే ఉంటుంది. అమ్మేటప్పుడు, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) పోయేటప్పుడు పాతది బిగించుకుంటే సరి.

సొంత బానెట్ కోయడంలో లాభం ఒక్కటే, రంగు వేయించే పని సగం తగ్గుతుంది. నష్టం చెప్పక్కర్లేదు.

ఫైబర్ బానెట్ తేలిక, వెంట్‌లు అచ్చులోనే వస్తాయి, కోత బెడద లేదు. కానీ చౌకరకం ఫైబర్ మన ఎండకు నాలుగేళ్లు నిలబడడం కష్టం, అంచులు అలల్లా వంగుతాయి. వేగంలో మధ్యలో వణుకుతుంది. రెండు పక్కలా బానెట్ పిన్నులు (బానెట్ లేవకుండా పట్టే గొళ్లాలు) తప్పనిసరి. ట్రాక్‌కే అంకితమైన బండికి సరే, రోజూ పిల్లల్ని స్కూల్లో దింపే బండికి వద్దు.

చట్టం సంగతి కూడా ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఏ సెక్షన్ కింద అక్రమ మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. బానెట్‌లో రంధ్రం ఆర్సీలో రాసే విషయం కాదు కదా అని వాదించొచ్చు, రోడ్డు మీద ఆపిన ఆఫీసరుతో ఆ వాదన నెగ్గుతుందని నేను పూచీ ఇవ్వను. నల్ల బానెట్ వేస్తే రంగు గొడవ కూడా వస్తుంది, రంగు ఆర్సీలో ఉంటుంది. అందుకే బండి రంగే వేయించండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. చెప్పకుండా మార్చిన బండికి క్లెయిమ్ వచ్చినప్పుడు టెన్షన్ పడేది మీరే. వారంటీలో ఉన్న బండిని ముట్టుకోకండి. ఇక పసుపు బోర్డు బండ్లు, అంటే తిరుమల ట్రిప్పులు కొట్టే ట్యాక్సీలు, ఈ ఆలోచనే మానుకోవాలి. ఎఫ్‌సీ దగ్గర ఆగిపోతే పోయేది రోజు సంపాదన.

వెంట్ రకం, పెట్టే చోటు

వెంట్‌లలో నాకు నచ్చేది మూడు నాలుగు రెక్కలున్న అల్యూమినియం లూవర్ ప్లేటు. రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి గాలి సాఫీగా జారిపోతూ లోపలిదాన్ని లాగుతుంది, వాన నేరుగా పడదు. ఏబీఎస్ ప్లాస్టిక్ వెంట్ చౌక, రంగు బాగా పడుతుంది, కానీ ఆ ప్లాస్టిక్ 100 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. టర్బో గానీ ఎగ్జాస్టు గానీ సరిగ్గా కింద ఉంటే వంగిపోవడం ఖాయం. ఉత్త రంధ్రానికి జాలీ బిగించడం అన్నిటికంటే నాసిరకం, వానకూ దుమ్ముకూ దారి, గాలిని లాగే ఆకారమే లేదు. బానెట్ రేకులోనే ప్రెస్‌తో లూవర్లు కొట్టించడం చాలా అందంగా ఉంటుంది గానీ, దానికి లోపలి ఫ్రేమ్ విడదీయాలి, ఇంట్లో అయ్యే పని కాదు.

చోటు విషయానికొస్తే, సాధారణంగా బానెట్ ముందు మూడో వంతు నుంచి మధ్య దాకా మంచి ప్రాంతం, రేడియేటర్ ఫ్యాన్ వెనకాలే. అద్దం వైపు నాలుగో వంతు నిషిద్ధం. ప్రతి బండి వంపు వేరు కాబట్టి కోసే ముందు కొలవడం మంచిది, కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. అక్వేరియం షాపులో దొరికే సన్నటి పారదర్శక గొట్టం తీసుకుని, మధ్యలో యూ ఆకారంలో వంచి, రంగు కలిపిన నీళ్లు సగం దాకా పోయండి. వంపును ఒక అట్టకు అంటించి పక్క సీట్లో కూర్చున్నవాళ్ల చేతికివ్వండి. గొట్టం ఒక కొనను ఇంజన్ గదిలోకి, రెండో కొనను బానెట్ పైన అనుకున్న చోట టేపుతో పడుకోబెట్టి పెట్టండి. రేణిగుంట నుంచి నాయుడుపేట వైపు హైవేలో తెల్లవారుజామున 80లో నిలకడగా పోతే, బానెట్ పైకి పోయిన కొన వైపు నీళ్లు లేస్తాయి. ఎంత ఎక్కువ లేస్తే ఆ చోట అంత ఎక్కువ లాగుడు. చోటు మార్చి మళ్లీ చూడండి. డ్రైవరు మాత్రం రోడ్డే చూడాలి, నీళ్లను కాదు.

గాలి బాగుందని చెప్పి ఎక్కడంటే అక్కడ కోయలేం. బానెట్ రెండు పొరలు. పైరేకు ముప్పావు మిల్లీమీటరు అటూ ఇటూ, కింద బొంగుల్లాంటి ఫ్రేమ్ వెల్డింగుతోనూ జిగురుతోనూ అతికి ఉంటుంది. బలమంతా ఆ కింది ఫ్రేమ్‌దే. మనిషి తల తగిలినప్పుడు ఎలా నొక్కుకుపోవాలో కూడా కంపెనీ వాళ్లు ఆ ఫ్రేమ్‌తోనే లెక్కగడతారు. అందుకని బొంగుల మధ్య ఖాళీల్లో సరిపోయే సైజు వెంట్ తీసుకోండి, వెంట్ సైజుకు బొంగులు కోయకండి. మధ్యలో ఒక పెద్దదాని కంటే, మధ్య బొంగుకు చెరో పక్క రెండు చిన్నవి నయం. లాక్ కొక్కెం చుట్టూ ఒక జానెడు, హింజ్‌ల చుట్టూ ఒక జానెడు అస్సలు ముట్టుకోవద్దు. ఆ కొక్కెం ఊడి హైవేలో బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంటే ముందు ఏమీ కనపడదు.

దేంతో కోయాలి?

అందరి చేతికీ దొరికేది నాలుగంగుళాల గ్రైండర్. 1 మిల్లీమీటరు డిస్కుతో రేకు వెన్నలా తెగుతుంది, అందుకే ఊళ్లో ఎక్కువ బానెట్లు దాంతోనే పాడవుతాయి. సన్నరేకుకు ఒకేచోట వేడి తగిలితే అలల్లా వంగుతుంది, ఆ వంపు లప్పంతో కూడా దాగదు. కోత పక్కనున్న పెయింటు, దానికింది జింకు పూత కాలిపోయి తుప్పుకు దారి పడుతుంది. నిప్పురవ్వలు ఇంకో పెద్ద తలనొప్పి. బానెట్ బండి మీదే ఉంచి కోస్తే అవి ముందద్దంలో గుచ్చుకుని సన్న చుక్కలుగా మిగిలిపోతాయి, ఎంత రుద్దినా పోవు. పైగా డిస్కు గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూలల దగ్గర గీత దాటి కోసేస్తుంది. గ్రైండర్ తప్ప వేరేది లేకపోతే, తిన్నని వైపులు మాత్రమే, వేలెడు వేలెడు కోసి ఆపుతూ, మధ్యలో తడిగుడ్డ పెడుతూ చేయండి. మూలలు వేరే దాంతో.

జిగ్‌సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం) దీనికంటే చాలా మేలు. అంగుళానికి 24 గానీ అంతకంటే ఎక్కువ గానీ పళ్లున్న, లోహానికి వాడే సన్న బ్లేడు కావాలి. పెద్ద పళ్లది వేస్తే రేకును కోయదు, పట్టుకుని దడదడలాడిస్తుంది. జిగ్‌సా అడుగు పలకకు రెండు పొరల మాస్కింగ్ టేపు అంటించండి, లేకపోతే బానెట్ అంతా గీతలే. బ్లేడు పొడవు కూడా చూసుకోండి. కింద ఫ్రేమ్ దగ్గరగా ఉన్న చోట బ్లేడు కొన దానికి గుద్దుకుని రేకును పైకి తంతుంది.

నా ఎంపిక నిబ్లర్. డ్రిల్లింగ్ మెషీన్‌కు తగిలించుకునే చిన్న రకం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఇది రేకును కోయదు, కొరుకుతూ పోతుంది. వేడి లేదు, నిప్పురవ్వలు లేవు, అంచు వంగదు, వంపులు కూడా సాఫీగా తిరుగుతుంది. మొదలుపెట్టడానికి దాని తల పట్టేంత ఒక కన్నం వేయాలి, కొరికే దారి అయిదారు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి ఆ మేరకు గీతకు లోపలి వైపే నడపాలి. దీని ఇబ్బంది ఒక్కటే, చిన్న చిన్న నెలవంకల్లాంటి రేకు ముక్కలు వందల కొద్దీ రాలతాయి. సూదుల్లా ఉంటాయి. చెప్పుల అడుగున గుచ్చుకుని ఇంట్లోకి వస్తాయి, గేటు దగ్గర స్కూటర్ టైరులో దిగుతాయి. పని చేసే చోట పాత దుప్పటి పరిచి, అయిపోయాక అయస్కాంతంతో ఏరేయండి. షూ వేసుకోండి, చెప్పులు కాదు.

రేకు కత్తెర ఒకటుంది, చేతితో కోసేది. చిన్న సవరింపులకు సరే. మొత్తం దాంతోనే కోస్తే అంచు అలలు తేలుతుంది.

ఏ సాధనమైనా ముందు చేసేది ఒకటే. హింజ్ చుట్టూ మార్కర్‌తో గీత గీసి, వైపర్ నీళ్ల గొట్టం విప్పి, ఇద్దరు పట్టుకుని బానెట్ దించి మందపాటి దుప్పటి మీద పెట్టండి. కోసే ప్రాంతమంతా మాస్కింగ్ టేపు వేసి, మధ్య గీత గీసుకుని, వెంట్ అట్ట నమూనాను రెండు వైపులా ఒకే కొలతలో పెట్టి గీయండి. వెంట్ కింది అంచు ఇంజన్‌కు తగులుతుందా అన్న అనుమానం ఉంటే, బానెట్ దించకముందే ఇంజన్ కవర్ మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్దలు పెట్టి బానెట్ మూసి తెరవండి. నొక్కుకుపోయిన ముద్ద ఎంత మందం మిగిలిందో అదే మీ చేతిలో ఉన్న ఖాళీ.

మూలలు ఎప్పుడూ గుండ్రంగా ఉండాలి. నాలుగు మూలల్లోనూ ముందు హోల్‌సాతో (గుండ్రటి కన్నం కోసే డ్రిల్లు బిట్టు) కన్నాలు వేసి, తర్వాత వాటిని కలుపుతూ కోయండి. పదునైన మూల దగ్గర నుంచే కొన్నాళ్లకు పగులు మొదలవుతుంది. గీతకు రెండు మిల్లీమీటర్లు లోపలే కోసి, మిగిలింది ఆకురాయితో రాసి తెచ్చుకోండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా మొదలుపెట్టొద్దు.

అంచు, బిగింపు, వాన

కోసిన అంచు ఉత్త ఇనుము. ఆకురాయితో కొసరులు తీసి, ఎమెరీతో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేయండి. పై అంచుకే కాదు, కింది వైపూ, రెండు పొరల మధ్య సందులోకీ పోవాలి. కొందరు ప్రైమర్ వేయకుండానే రబ్బరు బీడింగ్ తొడిగేస్తారు. బీడింగ్ నీళ్లను లోపలే పట్టి ఉంచుతుంది, ఏడాది తిరిగేసరికి విప్పి చూస్తే ఎర్రటి పొడి. బీడింగ్ వేసుకోండి, ప్రైమర్ పూర్తిగా ఆరాక.

వెంట్ బిగించడానికి రివెట్లా, బోల్టులా అంటే, వానాకాలంలో మూసే ఆలోచన ఉంటే బోల్టులు. 5 మిల్లీమీటర్ల అల్లెన్ బోల్టు, కింద వెడల్పు వాషరు, నైలాన్ ఉన్న నట్టు. అల్యూమినియం ప్లేటుకు స్టీలు బోల్టు తగిలే చోట సన్నటి సీలెంట్ పొర ఉంచండి, రెండు లోహాలు తడిలో కలిస్తే అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది. ప్లేటు చుట్టూ అద్దాలకు వాడే పీయూ సీలెంట్ పూసి బిగిస్తే మోత ఉండదు.

మనకు అసలు వాన జూన్ కంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టిగా పడుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి గుర్తుందిగా. వెంట్ సరిగ్గా కింద ఇగ్నిషన్ కాయిల్స్, ఆల్టర్నేటర్, ఫ్యూజు బాక్సు, గాలి ఫిల్టర్ నోరు ఉన్నాయా చూడండి. ఏ ఒక్కటి ఉన్నా వెంట్ కింద అల్యూమినియం తట్ట ఒకటి వాలుగా కట్టి, దాని మూల నుంచి గొట్టం పక్కకు దించాలి. తట్టకూ వెంట్‌కూ మధ్య గాలి పోయే ఖాళీ ఉండాలి, లేకపోతే కోసిందే వృథా. దాంతోపాటు వెంట్ సైజుకే ఒక మూత ప్లేటు చేయించి డిక్కీలో పడేయండి, అక్టోబరులో బిగించి సంక్రాంతికి తీసేయొచ్చు.

తట్ట పని చేస్తుందో లేదో వాన దాకా ఆగి చూడనక్కర్లేదు. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక, ఇంజన్ పైన పాత న్యూస్ పేపర్లు పరిచి, బానెట్ మూసి, పూలతొట్లకు నీళ్లు పోసే డబ్బాతో వెంట్ మీద నెమ్మదిగా ఒక బకెట్ నీళ్లు పోయండి. తెరిచి చూస్తే పేపరు మీద తడి మచ్చలు కనిపిస్తాయి. తట్ట అంచు అవతల మచ్చ పడితే ఆ వైపు రేకును రెండు వేళ్ల మేర పెంచాలి. కాయిల్స్ మీద పడితే తట్ట వాలు మార్చాలి. పరీక్ష అయ్యాక పేపర్లన్నీ ఏరి బయటపడేసిన తర్వాతే ఇంజన్ స్టార్ట్ చేయండి.